మూడు షిఫ్టుల మంచం

మల్కాపురం,
1982 ఆగస్టు

అన్నయ్యకు వందనాలు.

నువ్వు పంపిన సుందర్ రాజ్ చేరాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట కాంట్రాక్టరు దగ్గర పని కూడా దొరికింది. మంచివాడే. కానీ ఇక ఎవరినీ పంపకు.

"మా సెల్లి వైజాగులో ఉంది, ఎల్లండి" అని అందరికీ చెప్తున్నావట. ఆ చెల్లికి ఉన్నది ఒక్క గది, ఒక్క మంచం. పోర్టులో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే మా ఆయన వచ్చి పడుకుంటారు. ఆయన లేవగానే, పోయినేడు నువ్వు పంపిన జాన్‌బాబు. రాత్రికి సుందర్ రాజ్. ఆ మంచం చల్లారదు. బయట గది దొరికితేగా వాళ్లను పొమ్మనడానికి. ఊరు పెరిగిందంటారు, నా గది పెరగలేదు.

నేను పొయ్యి పక్కన చాప మీద కునుకు తీస్తాను. తలుపు చప్పుడైతే లేచి అన్నం పెట్టాలి. నిన్న ఎదురింటి విమలమ్మ, "నీకు ఏడో నెల గదే, ఆ మంచం మీద నువ్వెప్పుడు తొంగుంటావు?" అంది. ఏడుపు రాలేదు, నిద్రొచ్చింది.

వచ్చే నెల పురుటికి వస్తున్నాను. చాప ఖాళీ అయిందని ఇంకొకరిని పంపేవు సుమా. వదినను పిండివంటలేమీ చెయ్యొద్దను. ఒక మంచం వేసి ఉంచండి. నా అంతట నేను లేచేదాకా నన్నెవరూ లేపకండి.

నీ చెల్లెలు