సంతకం పెట్టనివాళ్ల గది

2 మార్చి, సోమవారం

బడ్జెట్ డ్రాఫ్ట్ టైప్ చేస్తూ ఇరవై మూడో లైన్ దగ్గర ఆగిపోయాను. నాలుగో వార్డు పఠన మందిరం భవనాన్ని పోలీస్ ఔట్‌పోస్ట్‌గా మార్చుటకు, కెమెరాలు, స్క్రీన్, ఏసీతో సహా, పద్దెనిమిది లక్షలు. దాని కిందే పఠన మందిరానికి పేపర్ల ఖర్చు. పోయినేడు పద్నాలుగు వేలు. ఈ ఏడు సున్నా.

ఇది నిజమేనా అని అకౌంటెంట్ శ్రీనాథ్ సార్‌ను అడిగాను. మనం టైపింగ్ వరకే మేడమ్, ఆలోచించేటోళ్లు పైన ఉన్నరు అన్నాడు. పదకొండేళ్లుగా మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌ని. ఆలోచించడానికి నాకు జీతం ఇవ్వరన్నది నిజమే. టైప్ చేశాను. అంకెలు బోల్డ్ కూడా చేశాను.

5 మార్చి, గురువారం

ఆ గది పోతే నా సాయంత్రాలు ఏం చేసుకోవాలి?

ఆఫీసు ఐదింటికి అయిపోతుంది. శాంతమ్మత్త ఇంటి వెనక ఒక గది అద్దెకు ఉంటున్నాను. అక్కడికి పోతే నాలుగు గోడలు. విడాకులై తొమ్మిదేళ్లు. అమ్మ పోయాక మా ఊరు కోడేరుకు పోయే పనీ లేదు. అందుకే ఐదున్నర నుంచి ఎనిమిది దాకా పఠన మందిరంలో కూర్చుంటాను. రెండు బెంచీలు, ఒక ఫ్యాన్, నాలుగు పేపర్లు. అటెండర్ ఎల్లన్న తాళం తీసి, ఊడ్చి, మూలన కునుకు తీస్తాడు. రోజూ ఆరేడుగురు వస్తారు. ఎవరూ ఎవరితో మాట్లాడరు. మాట్లాడాలని నాకూ ఉండదు. పక్కన ఒక మనిషి పేజీ తిప్పుతుంటే చాలు. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు.

నా ఎదురుగా కూర్చునేది స్టీఫెన్ పెద్దనాయన. ముప్పై ఏళ్లు పుణె, షోలాపూర్ వైపు కూలి పని చేసి, నడుము పోగొట్టుకుని వచ్చాడు. నాలుగేళ్ల కింద ఈ బెంచీ మీదే అక్షరాలు నేర్చుకున్నాడు. కూడబలుక్కుని, పెదాలు కదుపుతూ చదువుతాడు. ముందు సినిమా పేజీ, తర్వాత చావులు. అర్థం కాని మాట వస్తే పేపర్ నా వైపు తిప్పి వేలు పెడతాడు. చెబుతాను. మళ్లీ తిప్పుకుంటాడు. ఆఫీసు పని కాకుండా రోజు మొత్తంలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగేది అప్పుడే.

8 మార్చి, ఆదివారం

వార్డు మీటింగ్. మహిళా దినోత్సవం కూడా. ఔట్‌పోస్ట్ మహిళలకు కానుక అన్నారు ఎస్సై గారు. ఒంటరి మహిళలకు మరీ అన్నారు. అందరూ తిరిగి నన్నే చూశారు, నేనేదో ఆర్డర్ ఇచ్చి చేయించుకుంటున్నట్టు.

లేచి మాట్లాడాను. జనవరిలో దొంగలు శాంతమ్మత్త పుస్తెలతాడు తెంపుకుపోయిన మూల మీద మూడు లైట్లు వెలగవు, ఆ కంప్లైంట్ నేనే రెండుసార్లు టైప్ చేశాను, ముందు బల్బులు పెట్టండి అన్నాను. మున్సిపాలిటీ డబ్బుతో గోడలకు రంగులు వేయొచ్చు గానీ కానిస్టేబుళ్లను వేసుకోలేం కదా, లోపల కూర్చునేది ఎవరు అని కూడా అడిగాను. ఎస్సై కోప్పడలేదు. పోస్టులు ఖాళీగా ఉన్నమాట నిజమే, ఉన్నవాళ్లతోనే సర్దుతాం అన్నారు. మంచి మనిషిలాగే ఉన్నారు. అదే ఇబ్బంది.

కౌన్సిలర్ రంజిత్ మాత్రం, గా గదికి ఎంతమంది వస్తున్నరో రిజిస్టర్ తెమ్మను, ఇరవై మూడు తారీఖు కౌన్సిల్‌ల పెడదాం అన్నాడు.

శాంతమ్మత్త దారంతా నాకంటే ముందే నడిచింది. గేటు దగ్గర అంది. మెడ కోసుకపోయింది నీది గాదు, నాది. పెరుగు ప్యాకెట్‌కు పోవాలన్నా గుండె దడదడ అంటది. నీకు పేపర్ల పరేషానా అని. పదిహేను రోజులు ఆ మెడకు మందు రాసింది నేనే. ఆమె భయం నిజం. నా గదీ నిజం.

9 మార్చి

రిజిస్టర్ తెరిచి చూశాను. మూడు నెలలు, రోజుకు ఒకే సంతకం, నాది. అర్చన. అర్చన. అర్చన.

11 మార్చి, బుధవారం

ఎవరూ ఎందుకు సంతకం పెట్టరో ఎల్లన్న చెప్పాడు. ఈ వార్డులో సగం మంది లేబర్‌కు పోయి వచ్చినవాళ్లే. వాళ్లను పనికి తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకునేవాడు. తర్వాత పైన ఏం రాసుకుంటే అది. అప్పటి నుంచి వాళ్లు పేపర్ చదువుతారు గానీ సంతకం అంటే దండం పెడతారు. రిజిస్టర్ ముందుకు జరిపితే వెనక్కి జరుపుతారు.

అయినా స్టీఫెన్‌ను అడిగాను. గది పోతుందని చెప్పాను. చేతులు రెండూ ఒళ్లో దాచుకున్నాడు. సంతకం మాటొద్దు బిడ్డా, ఒక్క ఏలుముద్రకు రెండేండ్లు పని జేసిన, మా అవ్వ సచ్చిపోతే గూడ పంపలే అన్నాడు.

సరే అన్నాను.

15 మార్చి, ఆదివారం

నింపేశాను.

ఎల్లన్న దగ్గర తాళంచెవి తీసుకుని, నాలుగు రకాల పెన్నులతో, పొద్దున్నుంచి మూడింటి దాకా. అబద్ధం పేరు ఒక్కటి కూడా రాయలేదు. వచ్చేవాళ్ల పేర్లే. వచ్చారు కదా! వచ్చినవాడు వచ్చాడని రాస్తే తప్పేంటి? ఇలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. స్టీఫెన్ పేరు వంకరటింకరగా రాశాను, ఆయన రాస్తే అలాగే రాస్తాడని.

సిగ్గులేకుండా చెబుతున్నాను, రాస్తుంటే సంతోషంగా ఉండింది. ప్రతి పేజీలో ఇంతమంది మధ్య నా పేరు.

ఎల్లన్న చూశాడు. టీ తెచ్చి పెట్టాడు. రేపు రిజిస్టర్ ఆఫీసుకు పోతుంది.

19 మార్చి, ఉగాది

గదికి సెలవు. ఒక్కదానికి పచ్చడెందుకని చేయలేదు. శాంతమ్మత్త గిన్నెలో పోసి కిటికీలో పెట్టి పోయింది. పిలవలేదు.

21 మార్చి, శనివారం

బిల్ కలెక్టర్, తోడుగా ఒక కానిస్టేబుల్, రిజిస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారట. సంతకాలు సరిచూడటానికి. మూడో ఇల్లు స్టీఫెన్‌ది.

కాగితం మీద తన పేరు, ఎదురుగా ఖాకీ డ్రెస్సు. ఈ సంతకం నీదేనా అంటే నాది గాదన్నాడట. ఆ గదికి పోతవా అంటే ఎన్నడూ పోలేదన్నాడట. నాకు చదువే రాదు సారూ అన్నాడట.

ఇదంతా ఎల్లన్న చెప్పాడు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. తనకు చదువు రాదని చెప్పుకున్నాడు. నా వల్ల.

ఈ సాయంత్రం గదికి ఎవరూ రాలేదు.

22 మార్చి, ఆదివారం

వాళ్లింటికి పోయాను. తిడితే బాగుండేది. కుర్చీ వేశాడు, తువ్వాలతో తుడిచి మరీ. ఆఫీసు నుంచి ఎవరో వస్తే వేసినట్టు.

తప్పయింది పెద్దనాయనా అన్నాను. మేస్త్రీకి నా సంగతి తెల్వదు, నీకు చెప్పిన గద బిడ్డా అన్నాడు. నా పేరు కొట్టెయ్యి అన్నాడు.

కొట్టేయడానికి రిజిస్టర్ నా దగ్గర లేదు. ఆ మాట కూడా చెప్పలేకపోయాను. రోడ్డు మీద ఏడ్చుకుంటూ వచ్చాను. ఎవరు చూస్తే ఏంటి.

23 మార్చి, సోమవారం

శ్రీనాథ్ సార్‌కు తెలిసిపోయింది. పదకొండేళ్లుగా నా చేతిరాత చూస్తున్నాడు. తలుపు దగ్గరకు వేసి, పైన చెప్పాలనుకుంటే పొద్దున్నే చెప్పేటోణ్ని మేడమ్, తీర్మానం టైప్ చెయ్యండి అన్నాడు.

పాఠకులు లేనందున. ఈ రెండు మాటలు కొట్టడానికి నాకు పావుగంట పట్టింది.

కింద ఇంకో లైన్ చేర్చారు. మూల మీద మూడు బల్బులు. నేను మీటింగ్‌లో అడిగినందుకేనట.

30 ఏప్రిల్, గురువారం

బెంచీలు మున్సిపల్ యార్డులో ఎండకు పడి ఉన్నాయి. ఎల్లన్నను వాటర్ ట్యాంకు దగ్గర వేశారు.

ఔట్‌పోస్ట్ మొదలైంది. శాంతమ్మత్త చీకటి పడ్డాక ఒక్కతే పెరుగుకు పోయి వచ్చింది. నా గది దాకా వచ్చి ప్యాకెట్ చూపించింది, మెడల్ గెలిచినట్టు. ఆ ముఖం చూసి సంతోషమేసింది. నిజంగానే. ఆమె పోయాక తలుపేసుకుని కూర్చున్నాను.

14 మే

ఐదున్నర. ఏమీ లేదు.

21 మే, రాత్రి ఏడున్నర దాటాక

ఔట్‌పోస్ట్‌కు పోయాను. ఒక్క హోంగార్డ్ ఉన్నాడు. ఏం కంప్లైంట్ మేడమ్ అన్నాడు. ఏమీ లేదు, కాసేపు కూర్చుంటాను అన్నాను. ఎగాదిగా చూసి కుర్చీ చూపించాడు.

స్క్రీన్ మీద మా మూల. కొత్త లైటు కింద స్టీఫెన్. ఈ వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. తలెత్తి కెమెరాలోకి చూశాడు. తువ్వాల ముఖం మీదికి లాక్కుని వెనక్కి తిరిగాడు.

ఈయనెవరో తెలుసా మేడమ్ అని అడిగాడు హోంగార్డ్.

తెలియదన్నాను.