ఎందుకు పెట్టినవని అడిగితే

మంగళవారం, కరీంనగర్

ఇయ్యాల ఒక కాలేజీ పిల్ల నా కుట్టు సెంటర్‌కు వచ్చింది. సొంతంగ పని మొదలుపెట్టిన ఆడోళ్ల మీద రాస్తుందట. నా దోస్తు సుజాత కూడా అప్పుడే కాగజ్‌నగర్ నుంచి వచ్చి కూసుంది. అక్కడి కాయితం మిల్లు మూతపడ్డప్పటి నుంచి ఆమె సెంటర్ పెట్టి ఆడోళ్లకు ఫ్రీగ కుట్టు నేర్పుతుంది.

"మీరిద్దరు సెంటర్లు ఎందుకు పెట్టిండ్రు మేడం?" అని పిల్ల అడిగింది.

"లాభం కోసమే" అన్న నేను.

"పది మందికి ఆసరా అయితదని" అన్నది సుజాత.

పిల్ల రాసుకొని పోయింది. బస్టాండ్‌కు పోతుంటే ఆటోల సుజాత నవ్వింది. "అబద్ధం చెప్పిన్నే. మిల్లుల పని పోయి మా ఆయన ఇంట్ల కూసుంటే, పొద్దుందాక ఆ మొఖం చూడలేక బయటవడ్డ. గా ఆడోళ్లు 'టీచరమ్మా' అని పిలిస్తే పానం లేచొచ్చింది."

నేను కూడా నిజం చెప్పలే. అన్న మస్కట్‌ల చనిపోయినంక వదిన ఎవ్వరితోని మాట్లాడలే. మిషన్ ముంగట కూసోవెడితే చేతులన్న ఆడుతయని సెంటర్ పెట్టిన. గిరాకీ తర్వాత వచ్చింది. పిల్ల అడిగినప్పుడు వదిన నా పక్కనే కూసొని కాజాలు కుడుతుంటే ఆ మాట ఎట్ల చెప్పాలె?

మొన్న వదిన, "నేను పెద్దపల్లిల సొంత షాపు పెట్టుకుంటనే" అన్నది. సంబురపడ్డ. కానీ ఇయ్యాల ఆ పిల్ల అడిగినప్పటి నుంచి ఒక్కటే ఫికర్. ఆమె పోయినంక గీ సెంటర్ నేనెందుకు నడపాలె? లాభం కోసమేనా... ఏమో, సూడాలె.