మొదటి వాడుక

3 మార్చి 2008, ఆక్స్‌ఫర్డ్

ఈ వారం నా బల్ల మీదికొచ్చిన మాట ఎక్స్‌టింక్షనిస్ట్. మనిషి జాతి అంతరించిపోవడమే మేలని వాదించేవాడు. ఈ అర్థం మా నిఘంటువులో ఇంతవరకూ లేదు. అచ్చులో మొదట ఎప్పుడు, ఎవరు వాడారో నేను తేల్చాలి. ఇంకెవరికైనా ఇవ్వమని మా ఎడిటర్ డెస్మండ్‌ని అడిగాను. నీ ఇంట్లోనే ఒకరున్నారుగా, నీకంటే ఎవరికి తెలుస్తుంది అన్నాడు. వెటకారం ఆయనకి పుట్టుకతో వచ్చింది.

ఆ ఒకరు నా కూతురు టామ్సిన్. ఇరవై తొమ్మిదేళ్ళు. ఎప్పటికీ పిల్లలు పుట్టకుండా ఇరవయ్యో తేదీన ఆపరేషన్.

5 మార్చి

మానుకోమని మళ్ళీ బతిమాలాను. భూమికి పట్టిన చీడ మనం, ఇంకో పురుగుని నేను కననమ్మా అంది. టోస్ట్ మాడిపోయింది.

11 మార్చి

దొరికింది. 1978 మార్చి, మా కాలేజీ పత్రిక. నేను ఎక్స్‌టింక్షనిస్ట్‌ని, నా వంశం నాతో ఆగిపోవాలి అని రాసుంది. కింద థియా ఫార్లీ. నేనే. పూర్తిగా మరిచిపోయాను. ముందు సిగ్గేసింది. తర్వాత పిచ్చి ఆశ పుట్టింది. నేనూ ఇలాగే అన్నానే, ఆ తర్వాతేగా నిన్ను కన్నాను అని చెబితే మనసు మారదా?

12 మార్చి, సాయంత్రం

టామ్సిన్‌కి చూపించాను. అది వ్యాసం చదవనేలేదు. తేదీ చూసింది. దేనికైనా ముందు తేదీ చూడాలని చిన్నప్పుడు నేర్పింది నేనే. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తను పుట్టింది ఆ సెప్టెంబరులో. అప్పటికే నీ కడుపులో ఉన్నాను కదమ్మా అంది. గొంతు పెంచలేదు.

మూడో నెల. దాని తండ్రి వెళ్ళిపోయాడు. కడుపు తీయించుకోవడానికి క్లినిక్ వాళ్ళిచ్చిన చీటీ నా కోటు జేబులో ఉండేదని చెప్పాను. మరి ఎందుకు వెళ్ళలేదు అని అడిగింది. బస్సు తప్పిపోయింది అన్నాను. నిజమే. కానీ మర్నాడు ఇంకో బస్సు వచ్చింది, నేనే ఎక్కలేదు. ఆ ముక్క చెప్పేలోపే లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు బయటినుంచి చెప్పాను. వినిపించిందో లేదో తెలియదు.

15 మార్చి

తన గది తలుపు ఇంకా మూసే ఉంటోంది.

20 మార్చి

ఆస్పత్రికి తోడు వెళ్ళాను. వద్దనలేదు. బస్సు టైముకే వచ్చింది.

26 మార్చి

మొదటి వాడుక: మార్చి 1978, టి. ఫార్లీ. దాచలేదు, పంపేశాను. సరిచూడమని అచ్చు ప్రూఫ్ తిరిగొచ్చింది. నా వంశం నాతో ఆగిపోవాలి. రెండుసార్లు సరిచూశాను. తప్పుల్లేవు.