సంచి విప్పకుండానే

గురువారం, రాత్రి

ఆన్‌లైన్‌లో చూసిన నాగ్‌పూర్ సెకండ్‌హ్యాండ్ కారుకు ఈ ఉదయం ఫోన్‌లోనే అడ్వాన్సు పంపబోయాను. ఫొటోలు, ఆర్‌సీ అన్నీ చూశాను కదా అనుకున్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ సుజాత అడిగింది: "ఉస్మాన్‌గంజ్ మార్కెట్ల సంచి విప్పి చూడకుంట చింతపండుకు పైసలియ్యవు. కారుకెట్ల ఇస్తున్నవ్?" కోపమొచ్చింది. అయినా ఆగాను.

మా దుకాణానికి సరుకు తెచ్చే లారీ రఫీక్ భాయ్ నిన్నటి నుంచి నాగ్‌పూర్‌లోనే ఉన్నాడు. ఆర్‌సీ మీది చిరునామా పంపి, ఒకసారి చూసి రమ్మన్నాను. పాపం, లోడు దించడం ఆపుకుని ఆటోలో వెళ్లాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"కారు ఉంది సేట్, మస్తుంది. గానీ ఓనర్ సాబ్ అమ్ముతలేడు. ఆయనకు ఈ సంగతే తెల్వది."

ఆటో కిరాయి పంపుతానంటే వద్దన్నాడు. "మీ యాకుత్‌పురాకు వస్త కదా, ఇంట్ల చాయ్ పోయించు, చాలు."

కారు అమ్ముతానన్నవాడు ఇంకా మెసేజీలు పెడుతూనే ఉన్నాడు, వేరే పార్టీ రెడీగా ఉందట. బేరం కోసమని పంపిన నా ఆధార్ కాపీ కూడా వాడి దగ్గరుంది. దానితో ఏం చేస్తాడో…

సుజాత మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా "చెప్పిన కదా" అనలేదు. నా ఫోన్ మాత్రం తన దిండు కింద పెట్టుకుని నిద్రపోయింది.