అడగని మూడోసారి

సూజౌ, చైనా, నవంబర్ 9

ప్రియమైన మారెన్,

మీ కచేరీలో నేను పాడనన్నానని రాశావు. సవరించుకో. రెండుసార్లు పాడనన్నాను. మా దగ్గర మొదటి "వద్దు" మర్యాద. రెండోది, అడిగే మనిషి మనసుతోనే అడుగుతోందా అని చూసుకోవడం. మూడోసారి అడిగితే లేచి వస్తాం. నువ్వు రెండోదానికే "సరే బామ్మగారూ, ఇబ్బంది పెట్టను" అని వేదిక మీదికి వెళ్ళిపోయావు.

మీ అమెరికా పిల్లలు ఇరవైమందీ పాడుతుంటే నేను మూడో వరసలో దూది కోటు బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చున్నాను. హాలంతా ఉక్క. పక్కింటి గూ ఊరుకుంటుందా?

"కోటు విప్పవే, ఉడికిపోతున్నావు."

"చలిగా ఉంది."

"చలా? ముక్కు మీద ఆ చెమటేమిటి మరి?"

లోపల ఇస్త్రీ చేసిన పట్టు జాకెట్టు ఉందని దానికెలా చెప్పను? పెళ్ళికి ముందు టీ దుకాణాల్లో పాడేటప్పటిది. యాభై ఏళ్ళ తరవాత దానికొకసారి వేదిక చూపిద్దామనుకున్నాను. నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి, ఆ పడవ పాట నా దగ్గరే దిద్దుకున్నదానివి, ఇంకొక్కసారి అడుగుతావనుకున్నాను.

పోనీలే, నీ తప్పేం లేదు. మీ ఊళ్ళో వద్దంటే వద్దేగా.

నీ బామ్మ,
లూ యున్‌షూ

అయోవా, డిసెంబర్ 3

ప్రియమైన బామ్మగారికి,

నా తప్పేం లేదని మీరు రాసిన మాట వారం రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఆ పద్ధతి నాకు తెలుసు. మీరు రెండోసారి వద్దన్నాక మా దుబాసీ నింగ్ తెర వెనక నా చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి అడగవే, వచ్చేస్తారు!" అంది. "పాపం, పెద్దావిడ. వదిలెయ్" అన్నాను.

అది జాలి కాదు బామ్మగారూ. మూడో చరణం నేనొక్కదాన్నే పాడాలి. ఏడాది కష్టపడ్డాను. మీరు పక్కన నిలబడి గొంతెత్తితే నన్నెవరు వింటారు?

చప్పట్లు బాగానే పడ్డాయి. మీరూ కొట్టారు. చూశాను.

ఏప్రిల్‌లో మళ్ళీ వస్తున్నాం. ఈసారి ముప్పైసార్లు అడుగుతాను.

మీ దగ్గర దాచుకోలేని,
మారెన్

సూజౌ, జనవరి 20

ప్రియమైన మారెన్,

ఏప్రిల్‌లో రా. అడగడానికి మాత్రం కాదు. డిసెంబర్‌లో నా గొంతులో కణితి తీసేశారు. మాట్లాడతాను, కాకిలాగ. ఇక పాట లేదన్నాడు డాక్టరు. గూ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "ఇన్నాళ్ళకు నాకు మాట్లాడే వంతొచ్చిందే తల్లీ" అంటూ రోజూ సూపు తెచ్చి పోస్తోంది.

ఆపరేషన్ తేదీ రాసిన చీటీ మీ కచేరీనాటికే నా చేతిసంచిలో ఉంది. అది పెట్టుకుని కూడా రెండుసార్లు వద్దన్నాను. ఆ తెలివితక్కువతనం నీది కాదు.

నీ మీద కోపం రాలేదంటే అబద్ధం. పన్నెండు రోజులుంది. నీ వయసులో నేనైనా అంతే చేసేదాన్నని తట్టాక తగ్గింది.

ఒక్కటి మాత్రం తెలుసుకో. నీ మూడో చరణం జోలికి నేను వచ్చేదాన్నే కాదు. ఆ పాటకు నాలుగోది ఉంది. మీ అచ్చు కాగితంలో లేదు, ఇప్పుడు పాడేవాళ్ళూ లేరు. నువ్వు ముగించాక అది అందుకుందామని కూర్చున్నాను.

మా గురువుగారు చేత్తో రాసిచ్చిన కాగితం ఇందులో పెడుతున్నాను. పట్టుకుంటే చిరిగేలా ఉంది, జాగ్రత్త. కాస్త పెద్దగా రెండు నకళ్ళు తీయించు. ఒకటి నీకు, ఒకటి మీ పాట మాస్టారికి. అసలుది ఏప్రిల్‌దాకా ఉంచుకోకుండా రెండు అట్టల మధ్య పెట్టి, మడవకుండా, రిజిస్టరు పోస్టులో నాకు తిప్పి పంపు. అట్టలకు జిగురు పూయకు, దారంతో కట్టు.

యున్‌షూ