పాలగాజు తలుపు

ప్రియమైన అమ్మమ్మా,

ఫోనులో నీకు వినపడదు, వినపడినా వినవు. అందుకే రాస్తున్నాను. బాత్‌రూమ్‌లో టబ్బు పీకేయడం, టైల్స్ వేయడం అయిపోయాయని మేస్త్రి చెప్పాడు. ఇక మిగిలింది షవర్ తలుపు. పక్కకు జరిగేదా, బయటికి తెరుచుకునేదా అన్నది నువ్వే తేల్చు. అద్దం మాత్రం అటువైపు కనిపించేదే పెట్టించు. నువ్వు కంటికి ఆనకపోతే తాతయ్య ఇల్లంతా వెతుక్కుంటూ ఏడుస్తున్నాడన్నావు కదా. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే నువ్వక్కడే ఉన్నావని తెలుస్తుంది.

నీ బుడంకాయ

*

ప్రియాతిప్రియమైన బుడంకాయకు,

ఇళ్ల అలంకరణ చదివావని ముసలిదాని స్నానాన్ని షోకేసులో పెడతానంటే ఎలాగే? పక్కకు జరిగేదైతే పట్టాల్లో సబ్బు మురికి పేరుకుంటుంది, గీకడానికి నా నడుము వంగదు. బయటికి తెరుచుకునేది చాలు. అద్దం అటువైపు మసగ్గా తప్ప కనిపించని పాలగాజుది కావాలి. కనిపించే అద్దం మీద నీటి మచ్చలు పడతాయి, రోజూ తుడుస్తూ కూర్చోవాలి. అయినా ఈ వయసులో లోపల చూడదగ్గ దృశ్యమేమీ ఉండదు.

నిన్న మీ తాతయ్య నన్ను "కొత్తగా పనిలో చేరారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. జీతం సంగతి ఇంకా తేలలేదని చెప్పాను. కాసేపటికి మళ్లీ గుర్తొచ్చాను. ఇక చెయ్యి పట్టుకుని వదిలితే ఒట్టు.

పాలగాజే. వాదించకు.

నీ అమ్మమ్మ

*

అమ్మమ్మా,

సరే, నీ మాటే నెగ్గింది. పాలగాజు తలుపు పంపిస్తున్నాను. అమ్మ నిన్ను చూసొచ్చి బాగా చిక్కిపోయావంటోంది. తాతయ్యకు తినిపించే హడావుడిలో నువ్వు తినడం మానేశావా?

నీ బుడంకాయ

*

బుడంకాయ్,

తలుపు బిగించిన మర్నాడే పోయింది. మేస్త్రి తప్పేం లేదు.

నేను లోపల స్నానం చేస్తున్నాను, మీ తాతయ్య ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఆ గాజులోంచి ఆయనకు నేను కనిపించలేదు. కళ్లూ ముక్కూ లేని తెల్లటి ఆకారమొకటి కదులుతూ కనిపించింది. "ఎవరు నువ్వు? మా ఆవిణ్ణి ఏం చేశావు?" అని అరిచారు.

"నేనేనండీ" అన్నాను.

"ఆవిడ గొంతు కూడా లాక్కున్నావా?" అంటూ చేతికర్ర ఎత్తారు.

మొదటి దెబ్బకు తలుపు నిలిచింది. రెండోది మూలన తగిలింది. అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా జలజలా రాలింది. ఆ పలుకుల మధ్య ఒంటిమీద నూలుపోగు లేకుండా నేను, కర్రతో ఆయన. నన్ను చూసి "ఎక్కడికెళ్లావే ఇంతసేపూ" అని భోరుమన్నారు. నన్ను కాపాడబోయి కొట్టారు పాపం. నా అరికాలికి కుట్లు పడ్డాయి, ఆయన చేతికి కట్టు.

ఇంకో తలుపు పంపు. పాలగాజుదే, కాస్త మందంగా ఉండాలి.

నీ అమ్మమ్మ

*

అమ్మమ్మా,

మళ్లీ పాలగాజా? నీటి మచ్చల కథ నా దగ్గర చెప్పకు. పనిమనిషి తోమిన గిన్నెల్ని మళ్లీ తోముకునే నీకు అద్దం తుడవడం బరువా? తాతయ్యకు అందులో నువ్వు దెయ్యంలా కనిపిస్తున్నావని తెలిసీ అదే కావాలంటున్నావు. ఆ ఇంట్లో ఉండేది మీరిద్దరే. ఎవరి కంట పడకూడదని? కనిపించే అద్దమే పంపాను. నిజం రాయకపోతే శనివారం బయలుదేరి వచ్చేస్తాను.

బుడంకాయ

*

నా తల్లీ,

నువ్వు పంపిన తలుపే బిగించారు.

నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. అది పుండై బయటపడింది. ఎముకల్లోకి కూడా పాకిందని, ఇప్పుడు కోసినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. నొప్పికి మాత్రలిచ్చింది. బట్టల కింద దాచుకోవచ్చు, నీళ్ల కింద దాచలేను. ఆయన కంట పడకూడదనే పాలగాజు అడిగాను. కానీ ఆ గాజు వెనక ఆయనకు నేనే లేకుండా పోతున్నాను. రెంటిలో ఏది తక్కువ నరకమో తేల్చుకోవడానికి నాకు ఓ తలుపు ఖర్చయింది.

ఇప్పుడాయన రోజూ చూస్తారు, రోజూ "అదేమిటే" అంటారు. మొదటి రోజు వేడినీళ్లు పడి కాలిందన్నాను. నమ్మలేదు. నా పేరు మర్చిపోయే మనిషి, నా అబద్ధాన్ని మాత్రం ఇట్టే పట్టేశారు. ఇక నిజమే చెబుతున్నాను. రోజూ కొత్తగా వింటారు, కొత్తగా ఏడుస్తారు. తలుపు తీసి తడిచేత్తోనే తల నిమురుతాను. ఒళ్లు తుడుచుకుని వచ్చేసరికి అంతా మర్చిపోయి ఆకలంటారు.

నేను పోయాక కూడా ఆ కుర్చీలోనే కూర్చుని నేనెక్కడని అడుగుతారు. అప్పుడు మాత్రం రోజూ నిజం చెప్పకండి. ఒక్క మనిషిని అన్నిసార్లు పోగొట్టుకోవడం ఎవరివల్లా కాదు. నీకా, అబద్ధమాడితే చెవులెర్రబడతాయి. మీ అమ్మ నీకంటే అధ్వాన్నం.

శనివారం దాకా ఆగకు. నాకింకా ఓపిక ఉండగానే వచ్చెయ్. ఆయన నమ్మే అబద్ధమొకటి ఇద్దరం కూర్చుని తయారుచెయ్యాలి.

నీ కోసం చూస్తూ,
అమ్మమ్మ