కళ్లెదురుగా పెట్టుకున్న పుస్తకం

జూన్ పద్నాలుగు, ఆదివారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్న సంగతులు. మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందనీ, చేతి వణుకు మాత్రం అలాగే ఉందనీ మీ అమ్మాయి ఫోనులో చెప్పింది. రోజూ ప్రార్థనలో ముందు మీ గురించే అడుగుతున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. మనసు సంగతి మెల్లగా రాస్తాను.

మీ కత్తిరింపు బల్ల మీద దుప్పటి కప్పి ఉంచాను. మిషనుకి నూనె వేశాను. మూల ఇంటి ముసలావిడ నిన్న మళ్లీ వచ్చింది. మీ వదిన కుట్టింది తప్ప ఏది తొడుక్కున్నా ముందు వేలాడుతోంది, వెనక పైకి పోతోంది, నా గూని చూసి భయపడని దర్జీ ఇంకెవరున్నారమ్మా అని గుమ్మంలోనే కూర్చుంది. మీరు అమ్మాయి దగ్గర్నుంచి త్వరలో వస్తారని చెప్పి పంపించాను. నిజంగా వస్తారో లేదో నాకే తెలియదు.

ఇక అసలు సంగతి. మీకు నచ్చని ప్రస్తావనే తెస్తున్నాను, కోప్పడకుండా చివరిదాకా చదవండి. మీ తమ్ముడు కొట్టు మూసేస్తున్నాడు. పది గంటల ప్రయాణం దూరంలో ఎక్కడో గోదాములో ఉద్యోగం దొరికిందట. ఈ గురువారం వెళ్లిపోతున్నాడు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసినవాడు ఇక పెట్టెలు లెక్కపెట్టుకుంటాడు. సొంత అక్క తొమ్మిదేళ్లు కూర్చి రాయించిన కుట్టుపని పుస్తకాన్నే కంప్యూటర్లోంచి తుడిచిపెట్టినవాడు మన కంప్యూటర్‌ని ఏం చేస్తాడో అని ఈ వీధిలో ఒకరు మొదలుపెడితే, తర్వాత అందరూ అదే మాట. కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మీరు అతనితో మాట మానేసి ఎనిమిది నెలలు. ఈ గురువారం కూడా దాటిపోతే ఆ మాట ఇక కలవదేమోనని నా భయం.

పోయిన సోమవారం అతను మనింటికి వచ్చాడు. కంప్యూటర్ మళ్లీ మొండికేసింది. మీట నొక్కి, అన్నం వార్చి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. పిలవడానికి మొహం చెల్లలేదు గానీ, పిలిస్తే వెంటనే వచ్చాడు. చెప్పులు బయట విప్పి, బల్ల మీద దుప్పటి అంచు సరిచేశాడు. తర్వాత, వదినా, మీ వంటింట్లో డబ్బాలన్నీ వరసగా ఉంటాయి, కంప్యూటర్ తెరిస్తే మాత్రం సంత చెదిరినట్టుంటుందేమిటి అని ఎప్పట్లాగే ఆటపట్టించాడు. నాకు నవ్వు రాలేదు.

రోజంతా కూర్చుని మొత్తం మళ్లీ సర్దాడు. మీకు గుర్తుందా, లోపలి డిస్కు ఒకటే అయినా మధ్యలో గోడ కట్టినట్టు రెండు భాగాలు చేశానని మొదట్లోనే చెప్పాడు. సి అనేది యంత్రం తన కోసం ఉంచుకునే గది, డి మన సామాను గది. సిస్టమ్ పాడైనప్పుడు సి మొత్తం తుడిచి కొత్తది ఎక్కిస్తారు, డి జోలికి వెళ్లరు. అందుకని మనవన్నీ డిలోనే ఉండాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తెర కింద అంటించాడు కూడా. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది.

ఈసారి సి గదిని కాస్త పెద్దది చేశాడు, ఇరుకైతే యంత్రానికి ఊపిరాడదట. తర్వాత ఇంకో పని చేశాడు. తెర తెరవగానే ఎదురుగా కనిపిస్తుందే, డెస్క్‌టాప్, అక్కడ పెట్టినవి కూడా లోపల డిలోనే పడేలా మార్చాడు. ఇక సి ఎన్నిసార్లు తుడిచినా మీ కళ్లెదుట ఉన్నవి పోవు వదినా అన్నాడు. నా మొహంలోకి చూడకుండా, స్క్రూలు ఏరుకుంటూ అన్నాడు. ఇల్లే కూలితే మధ్య గోడ ఏం కాపాడుతుంది, రెండో కాపీ బయట ఉండాలి అని అగ్గిపెట్టెంత డ్రైవు ఒకటి నా చేతిలో పెట్టాడు. నెలకోసారి అందులోకి ఎక్కించుకోమన్నాడు.

వెళ్తూ వెళ్తూ అచ్చు తీసిన కాగితాల కట్ట ఒకటి ఇచ్చాడు. అప్పట్లో పోయిన పుస్తకంలోంచి రెండు వారాలు కూర్చుని బయటికి లాగిన ముక్కలు. నలభై పేజీలు, వరస లేవు. ఒంటిచేత్తో పెట్టుకునే గుండీ కుట్టే పద్ధతి సగం ఉంది. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లకి వెనక కుట్టు ఒత్తుకోకుండా కత్తిరించే పద్ధతి పూర్తిగా ఉంది. ఎనిమిది నెలలుగా వీటిని అక్కకి ఎలా ఇవ్వాలో తెలియక సొరుగులో పెట్టుకున్నానన్నాడు. ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను.

వదినా, అతను మీ ఒక్కగానొక్క తమ్ముడు. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. దయచేసి పెద్ద మనసుతో క్షమించండి. రాలేకపోతే గురువారం లోపు ఒక్కసారి ఫోను చేయండి చాలు. రేపు పొద్దున్నే కొరియర్‌కి ఇస్తాను, మంగళవారానికి మీ చేతికి అందుతుంది.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని కోరుకుంటూ,

మీ ఆడపడుచు

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను వదినా. ప్రార్థనకి కూర్చున్నాను, మొదలుపెట్టకుండానే మళ్లీ పెన్ను తీశాను. ఇది రాస్తే గాని లేవలేను.

అతను చెప్పిన కాగితం కళ్ల ముందే ఉన్నా, మీరు చెబుతుంటే నేను టైపు చేసిన మీ పుస్తకాన్ని డిలో పెట్టలేదు. మొదటి రెండు అధ్యాయాలు అక్కడ దాచాను. తర్వాత అంత విలువైనదాన్ని లోపలెక్కడో పెట్టడానికి మనసొప్పలేదు. డెస్క్‌టాప్ మీద, తెరవగానే కనిపించేలా పెట్టుకున్నాను. ఎదురుగా కనిపించేది ఏ గదిలోనూ లేదు, బల్ల మీద ఉంది అనుకున్నాను. అది సి గదిలో భాగమని నాకు తెలియదు.

తెలియకపోవడం తప్పు కాదని మీరంటారు. తప్పు తర్వాత జరిగింది. ఎనిమిది నెలల క్రితం ఆ రోజు సి తుడిచే ముందు అతను మూడుసార్లు అడిగాడు. డిలో మీ పుస్తకం పేరుతో ఫోల్డర్ చూపించి, తెరిచి చివరి పేజీ ఉందో లేదో చూడండి వదినా, లేదంటే ముందు అన్నీ కాపీ తీస్తాను, రెండు గంటలు పడుతుంది అన్నాడు. సాయంత్రం ప్రార్థనకి ఆలస్యమవుతోందని నా తొందర. చూశాను నాయనా, అన్నీ ఉన్నాయి, కానివ్వు అన్నాను. నేను తెరవలేదు. చూశానని అబద్ధం చెప్పి, వెళ్లి అందరి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు మీకు ఫోనులో ఏం చెప్పానో గుర్తుందా? మీ తమ్ముడు సిస్టమ్ కొత్తగా ఎక్కించాడు వదినా, మొదటి రెండు అధ్యాయాలు తప్ప పుస్తకం పోయింది అన్నాను. విడివిడిగా ఒక్క మాటా అబద్ధం కాదు. అతను నా పక్కనే నిలబడి విన్నాడు. ఫోను అతనికిమ్మని మీరు కేకలేశారు. అతనికిచ్చి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. నా తప్పే అక్కా అని అతను అనడం అక్కడినుంచి విన్నాను. అప్పుడైనా బయటికి రాలేదు.

ఎందుకలా అన్నావని సోమవారం అడిగాను. అక్క నన్ను తిడితే ఎప్పటికైనా మళ్లీ పిలుస్తుంది, తమ్ముణ్ణి కదా. మీరుండేది అక్క ఇంట్లో, మిమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి వెళ్తారు వదినా అన్నాడు. నా భయం కూడా అదే. అన్నయ్య పోయాక మీరు నన్ను వెళ్లమనలేదు. ఇప్పుడు అన్నా నేను మాట్లాడను. బట్టలు సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

వీధిలో వాళ్లకి నేనే చెబుతాను. రేపు కొరియర్ నుంచి వస్తూ ముసలావిడ ఇంటితోనే మొదలుపెడతాను. ఆవిడకి చెబితే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

పైన మనిషన్నాక పొరపాటు జరుగుతుందనీ, అతన్ని క్షమించమనీ రాశాను. ఆ వాక్యాలు కొట్టేయడం లేదు. ఎనిమిది నెలలు నేనెలా మాట్లాడుతూ వచ్చానో మీరు చూడాలి. మీరు నాకు ఫోను చేయక్కర్లేదు. ముందు అతనికి చేయండి.

ఈ ఉత్తరం కంప్యూటర్లో రాయనందుకు ఏమీ అనుకోకండి. పెన్నుతో రాశాను గనక మిగిలింది. టైపు చేసి ఉంటే ఈ చివరి పేజీలు తుడిచేసి ఉండేదాన్ని.